కారులో స్పేర్ బుల్లెట్లు: ఎండకు పేలతాయా, చలికి పాడవుతాయా?

ప్రశ్న అడిగినవారు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. గ్రీన్ కార్డ్ వచ్చాక ఒక 9 ఎంఎం హ్యాండ్‌గన్ కొన్నారు. తూటాలు నింపి గన్‌లో దూర్చే మ్యాగజైన్ ఒకటి, యాభై రౌండ్ల (తూటాల) పెట్టె ఒకటి ఎప్పుడూ కారులోనే ఉంచుతున్నారు. అడిగినవి మూడు. వేసవిలో మూసి ఉన్న కారు వేడికి తూటాలు వాటంతటవే పేలతాయా? గడ్డకట్టే చలికి పాడవుతాయా? ఇప్పటికే రెండు వేసవులు డిక్కీలో పడున్న పెట్టెను వాడుకోవచ్చా, పారేయాలా?

సూటిగా చెప్తాను. కారు వేడికి తూటా పేలదు. చలి దాన్ని పాడు చేయదు. రెండు వేసవులు చూసిన ఫ్యాక్టరీ రౌండ్లు దాదాపు అన్నీ మామూలుగానే పనిచేస్తాయి. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ "దాదాపు"ని నమ్ముకోలేం. కాబట్టి వాటిని షూటింగ్ రేంజ్‌లో కాల్చేసి కారులో కొత్తవి పెట్టుకోండి. ప్రతి ఏడూ ఎండలు తగ్గాక అదే పని చేయండి. మీరు అడగని విషయం కూడా ఒకటుంది. నాకు తెలిసిన మనవాళ్లలో ఎండ వల్ల తూటాలు పాడై ఇబ్బంది పడినవాళ్లు ఒకరిద్దరు ఉంటారేమో. వీసా వల్లో, రాష్ట్రం సరిహద్దు దాటడం వల్లో, ఇండియాకి పట్టుకెళ్లిన బ్యాగు వల్లో టెన్షన్ పడినవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. దాని గురించీ కింద రాశాను.

నా సంగతి రెండు ముక్కల్లో: వారాంతాల్లో ఇక్కడి ఒక రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా ఉంటాను. నా రౌండ్లు చాలావరకు నేనే రీలోడ్ చేసుకుంటాను, అంటే కాల్చిన ఖాళీ కేసుల్లో మళ్లీ మందు, గుండు నింపుకుంటాను. నవంబర్ వస్తే డీర్ లీజు (జింకల వేటకి అద్దెకి తీసుకున్న స్థలం) వదలను. లాయర్ని మాత్రం కాను, చట్టం గురించి రాసినదాన్ని ఆ మేరకే తీసుకోండి.

మొదట పేలుడు భయం. తూటాలో ఉండేవి నాలుగు: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతికి బిగించిన గుండు. గన్‌లోని పిన్ను ప్రైమర్‌ని గట్టిగా కొడితే అది భగ్గుమని మందుని అంటిస్తుంది. ఆ దెబ్బ లేకుండా ఒట్టి వేడికే మందు అంటుకోవాలంటే సుమారు 160 నుంచి 170 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఫారెన్‌హీట్‌లో 320 పైమాటే. కారులో అంత వేడి పుట్టదు. ఎంత పుడుతుందో కొలిచినవాళ్లు ఉన్నారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు టెంపీ నగరంలో, బయట వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజుల్లో కార్లను ఎండలో నిలబెట్టి చూశారు. 2018లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం గంట తిరిగేసరికి కారు లోపలి గాలి సగటున 116 డిగ్రీలు, సీటు 123, స్టీరింగ్ 127, డ్యాష్‌బోర్డు 157 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరాయి. నీడలో పెట్టిన కార్లలో డ్యాష్‌బోర్డు 118 దగ్గరే ఆగింది.

డల్లాస్‌లో రికార్డు ఎండ 1980 జూన్‌లో నమోదైన 113 డిగ్రీలు. అలాంటి రోజున కూడా డ్యాష్‌బోర్డు మీద పెట్టిన తూటాకి, అది అంటుకునే వేడికి మధ్య బోలెడంత ఎడం ఉంటుంది. "మా కొలీగ్ వాళ్ల ఫ్రెండ్ కారులో ఎండకి పేలిందట" అనే కథ ప్రతి వేసవీ నా దగ్గరికి వస్తుంది. అడిగి చూస్తే డియోడరెంట్ డబ్బానో, లైటరో, సోడా క్యానో అయి ఉంటుంది. మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, చాలామంది ఇళ్లలో ఆడపిల్లలకి ఇచ్చే పెప్పర్ స్ప్రే డబ్బా కారు ముందు భాగంలో పడుంటుంది. ఒకసారి దాని లేబుల్ చదవండి, 120 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని ఉంటుంది. ఎండాకాలం కారులో నేను భయపడేది దానికే, తూటాకి కాదు.

కారే తగలబడితే మాత్రం తూటాలు పేలతాయి. అప్పుడు కూడా సినిమాల్లోలా గుండ్లు దూసుకెళ్లవు. బ్యారెల్ లేని చోట మందు అంటుకుంటే గుండుకి వేగం రాదు, ఇత్తడి కేసు చిరిగి ముక్కలు ఎగురుతాయి. అమెరికాలో తూటాల తయారీదారుల సంఘం ఒకటుంది, సామీ అంటారు, 1926 నుంచీ ఉంది. వాళ్లు అగ్నిమాపక సిబ్బంది కోసం తీసిన వీడియోలో వేల కొద్దీ రౌండ్లను తగలబెట్టి ఇదంతా చూపించారు. ఫైర్‌ఫైటర్లు మామూలుగా వేసుకునే దుస్తులే ఆ ముక్కల్ని ఆపగలవు. ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక కాల్చడానికి సిద్ధంగా ఉండే చోట, రౌండ్ ఉన్న గన్ సంగతి వేరు. మంటలో అది ఎవరో ట్రిగ్గర్ నొక్కినట్టే కాలుస్తుంది, గుండు పూర్తి వేగంతో బయటికొస్తుంది. స్పేర్ రౌండ్ల కంటే దాని గురించి ఎక్కువ ఆలోచించాలి.

మరి వేడి వల్ల నష్టమే లేదా? ఉంది, కానీ అది నెమ్మదిగా జరుగుతుంది. ఇప్పటి తూటాల్లో ఉండేది పొగ రాని మందు, అంటే ప్రధానంగా నైట్రోసెల్యులోజ్, కొన్ని రకాల్లో దానికి నైట్రోగ్లిజరిన్ కలుపుతారు. నైట్రోసెల్యులోజ్‌కి పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. ఎవరూ ముట్టుకోకపోయినా అది కొద్దికొద్దిగా విరిగిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది. ఆ వాయువులు మిగతా మందుని ఇంకా తొందరగా విరగ్గొడతాయి. దీనికి విరుగుడుగా తయారీలోనే డైఫెనిలమిన్ లాంటి స్టెబిలైజర్‌ని కొద్దిగా కలుపుతారు. వచ్చిన వాయువుని వచ్చినట్టే పట్టేసుకుని, ఆ క్రమంలో అది ఖర్చైపోతూ ఉంటుంది. స్టెబిలైజర్ ఉన్నన్నాళ్లు మందుకి ఢోకా లేదు. అయిపోయాక పతనం మొదలవుతుంది.

ఈ పాఠం నేర్చుకోడానికి ఫ్రాన్స్ పెద్ద మూల్యం చెల్లించింది. పొగ రాని మందుని 1884లో తయారుచేసిందీ వాళ్లే, పాల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త. ఆ మందు నిల్వలో విరిగిపోవడం వల్ల తూలాన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే యుద్ధనౌకలు పేలిపోయాయి, వందలమంది చనిపోయారు. అది టన్నుల కొద్దీ మందు ఒక్కచోట వేడెక్కిన వ్యవహారం. మీ డిక్కీలో ఉన్న యాభై రౌండ్లలో ఒక్కో దాంట్లో చిటికెడు మందే ఉంటుంది, పైగా ఇవాళ్టి స్టెబిలైజర్లు చాలా మెరుగైనవి. ఓడ కథ విని మీ కారుకి భయపడక్కర్లేదు, కారణం అర్థం కావడానికి చెప్పాను.

మోటు లెక్కలో, వేడి పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే మందు ఇలా విరిగిపోయే వేగం రెండు మూడు రెట్లవుతుంది. ఇంట్లో ఏసీలో 25 దగ్గర ఉండే పెట్టె డిక్కీలో 45 దగ్గర ఉంటే, ఆ వేడి గంటల్లో దాని స్టెబిలైజర్ నాలుగు నుంచి తొమ్మిది రెట్లు తొందరగా కరుగుతున్నట్టు. వినడానికి కంగారుగా ఉన్నా, చల్లటి పొడి చోట పెట్టిన రెండో ప్రపంచ యుద్ధం నాటి తూటాల్ని ఇప్పటికీ కాల్చేవాళ్లున్నారు. అంత ఆయుష్షులోంచి కొన్ని వేసవులు తీసేసినా చాలా మిగులుతుంది. మీ రౌండ్లు బాగానే ఉంటాయని నేను అనుకోడానికి కారణం ఇదే. డల్లాస్‌లో 2011లో లాగా వంద దాటిన రోజులు 71 ఉన్న వేసవులు వరసగా నాలుగైదు వచ్చి, అన్నీ డ్యాష్‌బోర్డు పక్కనే గడిపిన పెట్టె అయితే నేనూ నమ్మను.

వేడెక్కిన రౌండ్‌ని వెంటనే కాలిస్తే అది ఇంకో సమస్య, దీన్ని చాలామంది పట్టించుకోరు. వేడి మందు తొందరగా మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. రైఫిల్‌లో మామూలు మందులకి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్‌కి గుండు వేగం సెకనుకి సుమారు ఒక అడుగు చొప్పున మారుతుందని రీలోడర్లు లెక్క వేసుకుంటారు. కొన్నిట్లో ఎక్కువ, కొన్నిట్లో బాగా తక్కువ. ఆస్ట్రేలియాలో తయారై ఇక్కడ హాడ్జ్‌డన్ పేరుతో అమ్ముడయ్యే వార్‌గెట్ లాంటి మందులు ఉష్ణోగ్రతకి పెద్దగా చలించవు. నేను ఆగస్టులో ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) రౌండ్లు కొన్ని ఐస్ చెస్ట్ పక్కన, కొన్ని ఎండలో సీటు మీద పెట్టి గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు కాల్చి చూశాను. డీర్ రైఫిల్‌లో తేడా స్పష్టంగా కనిపించింది. మూడొందల గజాల దూరంలో గుండు పడే చోటు మారేంత తేడా అది. మీ 9 ఎంఎంకి గది దూరంలో దాని ప్రభావం ఏమీ ఉండదు. 9 ఎంఎం ఫ్యాక్టరీ రౌండ్‌కి సామీ పెట్టిన ఒత్తిడి పరిమితి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ప్లస్-పీ అని, అంటే ఎక్కువ ఒత్తిడి రకమని, రాసి ఉంటే 38,500. ఫ్యాక్టరీవాళ్లు ఎండని కూడా దృష్టిలో పెట్టుకునే నింపుతారు. పరిమితి అంచుదాకా మందు నింపుకునే రీలోడర్లు మాత్రం ఆ రౌండ్లని కారులో వదలొద్దు. చల్లటి ఫిబ్రవరి పొద్దున సేఫ్ అనిపించిన లోడ్ ఆగస్టు మధ్యాహ్నం కేసుని ఛాంబర్‌లో బిగించేస్తుంది, బోల్ట్ తెరవడానికి సుత్తి వెతుక్కోవాలి.

చలి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, కరెంటు లేక మనందరం దుప్పట్లలో కూర్చున్న రోజు. ఆ చలికి తూటాలకి ఏమీ కాలేదు. మినియాపొలిస్‌లో, ఫార్గోలో జనం ప్రతి చలికాలం అంతకంటే ఘోరమైన చలిలో వేటాడతారు. సైన్యం తన రౌండ్లని మైనస్ 65 డిగ్రీల దగ్గర కూడా కాల్చి పరీక్షిస్తుంది. చలిలో మందు కాస్త నెమ్మదిగా మండుతుంది, గుండు వేగం కొంచెం తగ్గుతుంది, అంతే. చలిలో మొరాయించేది ఎక్కువగా గన్నే. చిక్కటి నూనె గడ్డకట్టినట్టై, గన్ పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్ బద్ధకిస్తుంది.

చలి కంటే తేమ పెద్ద శత్రువు. మైనస్ చలిలో ఉన్న పెట్టెని వెచ్చటి ఇంట్లోకి తెచ్చి వెంటనే మూత తీస్తే గాలిలోని తేమ ఇత్తడి మీద బొట్లుగా కడుతుంది. కళ్లద్దాలతో బయటి నుంచి లోపలికి వచ్చినవాళ్లందరికీ తెలిసిన సంగతే. పెట్టె గది వేడికి వచ్చేదాకా, ఒక రాత్రంతా, మూత తీయకండి. హ్యూస్టన్‌లో ఉండేవాళ్లకి ఇది వేసవిలోనూ వర్తిస్తుంది. ఏసీలో చల్లబడిన పెట్టెని బయట ఉక్కపోతలో తెరిస్తే అదే జరుగుతుంది. కొత్త ఫ్యాక్టరీ రౌండ్లలో ప్రైమర్ అంచు, గుండు మెడ బిగుతుగానే ఉంటాయి, లోపలికి నీరు అంత తేలిగ్గా పోదు. మిలిటరీ రకాల్లో, ఆత్మరక్షణకి వాడే మంచి డిఫెన్స్ రౌండ్లలో అదనంగా సీలెంట్ రాస్తారు. చవక ప్రాక్టీస్ రౌండ్లలో, ఇంట్లో చేసిన రీలోడ్లలో ఆ పూత ఉండదు.

తేమకి విరుగుడు తేలికే. రబ్బరు గ్యాస్కెట్ ఉన్న మిలిటరీ ఇనుప డబ్బా, లోపల రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు. డబ్బా కొనేటప్పుడు మూత మూసి వేళ్లతో గ్యాస్కెట్ చుట్టూ తడిమి చూడండి, ఎక్కడైనా పగుళ్లుంటే వద్దు. రౌండ్లు సర్దేది ఏసీ గదిలో సర్దండి. ఆగస్టులో గరాజ్‌లో మూత బిగిస్తే ఆ తేమ గాలినే లోపల బంధించి జాగ్రత్తగా దాచుకున్నట్టవుతుంది. కంపెనీ అట్టపెట్టెని పారేయకుండా అలాగే డబ్బాలో పెట్టండి, దాని మీద లాట్ నంబర్ ఉంటుంది. కంపెనీ ఏదైనా లాట్‌ని వెనక్కి పిలిస్తే మీ దగ్గరున్నది అదో కాదో తెలిసేది దాంతోనే. తోలు బెల్టులో, తోలు పౌచ్‌లో మాత్రం నెలల తరబడి వదలొద్దు. తోలు పదును చేయడానికి వాడే రసాయనాలు ఇత్తడికి పడవు, తోలు తగిలిన చోటల్లా పచ్చగా చిలుము పడుతుంది. తుప్పు పట్టకుండా అని డబ్ల్యూడీ-40 కొట్టేవాళ్లని కూడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. పల్చటి నూనెలు సందుల్లోంచి పాకి ప్రైమర్‌ని చంపేస్తాయి.

కారులో ఎక్కడ పెట్టాలి? ఎండ నేరుగా తగలని చోట, వీలైనంత కింద. సెడాన్ అయితే డిక్కీ అడుగున ఒక వారగా. ఎస్‌యూవీకి విడిగా డిక్కీ ఉండదు కాబట్టి వెనక సీటు కిందో, స్పేర్ టైర్ పక్కనున్న అరలోనో, పైన ఏదైనా కప్పి. డ్యాష్‌బోర్డు, గ్లవ్‌బాక్స్, డోర్ అర, వెనక అద్దం కింద ఉండే చదును చోటు, ఇవన్నీ వద్దు. డోర్ అర ఎందుకు వద్దో ఒక ఉదాహరణ. మా లీజులో ఒకాయన ట్రక్కు డోర్ అరలో .22 రౌండ్ల పెట్టె వేసవంతా వదిలేశారు. .22 గుండుకి బయట మైనపు పూత ఉంటుంది. ఆ పూత కరిగి అట్టపెట్టె అడుగంతా బూడిదరంగు జిడ్డు మరకలైంది, రౌండ్లు ఒకదానికొకటి అంటుకున్నాయి, వాటికి డోర్ అరలోని చిప్స్ పొడి కూడా పట్టింది. కాల్చి చూస్తే ప్రతి మ్యాగజైన్‌లోనూ ఏదో ఒకటి ఇరుక్కుంది. .22 రకాన్ని కారులో ఉంచకండి. రిమ్‌ఫైర్ (.22లా కేసు అంచులోనే ప్రైమర్ మందు ఉండే రకం) అసలే సెంటర్‌ఫైర్ (మీ 9 ఎంఎంలా అడుగు మధ్యలో ప్రైమర్ ఉండేది) అంత నమ్మకం కాదు. షాట్‌గన్ షెల్స్‌కి ప్లాస్టిక్ ఒళ్లు ఉంటుంది, వాటిని ట్యూబ్ మ్యాగజైన్‌లో స్ప్రింగ్ ఒత్తిడి కింద వేడిలో నెలలు వదిలితే నొక్కుకుపోయి ఛాంబర్‌లోకి ఎక్కవు. పెట్టెలోనే ఉంచండి.

మీరు కారులో పెట్టే స్పేర్ మ్యాగజైన్‌కి నికెల్ పూత ఉన్న, సీల్ చేసిన డిఫెన్స్ రౌండ్లు వాడండి. నిండుగా ఉంచితే స్ప్రింగ్ పాడవుతుందని భయం వద్దు. స్ప్రింగ్ అలిసేది మళ్లీ మళ్లీ నొక్కి వదలడం వల్ల, నొక్కి ఉంచడం వల్ల కాదు. దీనికంటే చూసుకోవాల్సింది ఒకటుంది. చాలామంది రాత్రి ఇంటికొచ్చి గన్ ఖాళీ చేసి, పొద్దున అదే రౌండ్‌ని మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కిస్తారు. స్లైడ్ కొట్టిన ప్రతిసారీ గుండు కేసులోకి వెంట్రుకవాసి దిగుతుంది. అలా దిగినకొద్దీ లోపల చోటు తగ్గి, కాల్చినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ రౌండ్‌ని పెట్టెలోని కొత్త రౌండ్ పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా కనిపిస్తే అది గన్‌లోకి పోకూడదు.

ఎన్ని ఉంచాలంటే, ఒక స్పేర్ మ్యాగజైన్, మహా అయితే ఒక పెట్టె. వెయ్యి రౌండ్ల కేసుని సేల్‌లో కొని డిక్కీలోనే వదిలేసేవాళ్లున్నారు, "రేంజ్‌కి వెళ్లినప్పుడు వాడదాంలే" అని. అది పన్నెండు కిలోల పైన బరువు, దొంగకి పండగ. అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో కారు అద్దాలు పగలడం మనకేం కొత్త కాదు. కనిపించే తూటాల పెట్టె లోపల గన్ కూడా ఉందని చెప్పే బోర్డు లాంటిది. వెనక అద్దానికి గన్ కంపెనీ స్టిక్కర్ అంటించుకోవడమూ అంతే. రాత్రిపూట గన్నుని కారులో అస్సలు వదలకండి, ఇంట్లోకి తెచ్చుకోండి. పగలు తప్పక వదలాల్సి వస్తే సీటు కింది ఇనుప చట్రానికి కేబుల్‌తో బిగించిన లాక్‌బాక్స్‌లో. పిల్లలున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి నింపిన గన్ అందేలా వదలడం నేరం. తూటాలు ఒక చోట, గన్ మరో చోట తాళంలో ఉంటే ఆ పరిస్థితే రాదు.

ఇక చట్టం. మీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి మీ మట్టుకు ఇబ్బంది లేదు. కానీ ఇది చదివేవాళ్లలో హెచ్-1బీ వాళ్లే ఎక్కువ ఉంటారు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అందరూ, గన్ మాత్రమే కాదు, ఒక్క తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, మనవాళ్లు వాడుకునేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అది లేకపోతే డిక్కీలో ఉన్న పెట్టే ఫెలనీ (తీవ్రమైన నేరం), 2022లో మారిన చట్టం ప్రకారం గరిష్ఠ శిక్ష పదిహేనేళ్లు, వీసా సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడే ఒక మెలిక. టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ మీరు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూ చేయడం మర్చిపోతే సెప్టెంబర్ ఒకటి పొద్దున, నిన్నటిదాకా నిక్షేపంగా ఉన్న డిక్కీ నేరమైపోతుంది. హంటింగ్ లైసెన్స్ మీద ఆధారపడేవాళ్లు ఫోన్‌లో ఆగస్టు 15కి రిమైండర్ పెట్టుకోండి.

అలాగే కారు ఒకరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. భర్తకి గ్రీన్ కార్డ్ వచ్చి, భార్యది ఇంకా హెచ్-4 లోనే ఉన్న ఇళ్లు నాకు తెలుసు. ఇండియా నుంచి వచ్చిన బావమరిది ఎఫ్-1లో ఉండి అదే కారు నడుపుతుంటాడు. డిక్కీలో ఏముందో వాళ్లకి తెలిసి, తాళం వాళ్ల చేతిలో ఉంటే, ఆ తూటాలు ఎవరి దగ్గర ఉన్నట్టు అనే ప్రశ్న పోలీసు ఆపినప్పుడు వస్తుంది. దీనికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే, కారు ఇంకొకరికి ఇచ్చే ముందు డబ్బా ఇంట్లోకి తీసుకురండి. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉన్నవాళ్లు తమ స్టేటస్ ఏ కిందికి వస్తుందో ఇమిగ్రేషన్ లాయర్ని అడిగాకే ముట్టుకోండి.

టెక్సాస్ లోపల తిరిగినంతసేపు పెద్దగా సమస్య లేదు. ఆఫీసు పార్కింగ్ గురించి కూడా 2011 నుంచి చట్టం ఉంది: చట్టబద్ధంగా ఉంచుకున్న గన్, తూటాలు తాళం వేసిన సొంత కారులో ఉంటే చాలావరకు యజమానులు అడ్డుచెప్పలేరు. స్కూళ్లు, కొన్ని రసాయన పరిశ్రమల్లాంటి వాటికి మినహాయింపులున్నాయి, మీ కంపెనీ ఏ కోవలో ఉందో చూసుకోండి. రాష్ట్రం దాటితే కథ మారుతుంది. న్యూజెర్సీలో హాలో పాయింట్ (గుండు మొన గుంటగా ఉండే) రౌండ్లు ఇంట్లో ఉంచుకోవచ్చు, రేంజ్‌కి తీసుకెళ్లొచ్చు. కారులో ఊరికే వేసుకు తిరిగితే నేరం. ఎడిసన్‌లో చుట్టాలింటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి, మీ డిఫెన్స్ రౌండ్లు సరిగ్గా ఆ రకమే. మసాచుసెట్స్‌లో తూటా ఉంచుకోవాలన్నా ఆ రాష్ట్రం లైసెన్స్ కావాలి. వాషింగ్టన్ డీసీలో రిజిస్టర్ చేసిన గన్ లేకుండా తూటా ఉంచుకోకూడదు. నయాగరా చూడ్డానికి వెళ్లి "అటు వైపు నుంచి ఇంకా బాగుంటుంది" అని కెనడా బ్రిడ్జి ఎక్కే ముందు, లరీడో దాటి మెక్సికోకి వెళ్లే ముందు డిక్కీ, సీట్ల కింద, డోర్ అరలు అన్నీ తడిమి చూడండి. మెక్సికోలో సీటు కింద దొర్లిన ఒక్క రౌండ్ చాలు జైలుకి.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా అడిగేది ఇండియా బ్యాగు గురించి. రేంజ్‌కి వాడే బ్యాక్‌ప్యాక్ కారులోనే ఉంటుంది. డిసెంబర్‌లో ఊరెళ్లే హడావిడిలో అదే బ్యాగులో బట్టలు కుక్కి చెక్-ఇన్‌లో వేస్తారు. అడుగు జిప్పులో ఒక రౌండ్ ఉంటుంది. అమెరికాలో చెక్-ఇన్‌లో అది ఎవరి కంటా పడకపోవచ్చు. శంషాబాద్‌లో దిగాక కస్టమ్స్ ఎక్స్‌రేలోనో, తిరుపతికి డొమెస్టిక్ ఫ్లైట్ ఎక్కేటప్పుడు సీఐఎస్ఎఫ్ స్క్రీనింగ్‌లోనో దొరుకుతుంది. భారత ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా ఒక్క తూటా ఉన్నా కేసే. తెలియకుండా బ్యాగులో ఉండిపోయిందని రుజువైతే, తెలిసి ఉంచుకోలేదన్న కారణంతో కోర్టులు ఇలాంటి కేసులు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ అక్కడిదాకా వెళ్లేలోపు ఎఫ్ఐఆర్, ఆగిన ప్రయాణం, లాయర్ ఫీజు, సెలవు మొత్తం వృథా. రేంజ్ బ్యాగు రేంజ్‌కే. దాన్ని విమానం ఎక్కించకండి, ఎవరికీ అరువివ్వకండి. పిల్లలు స్లీపోవర్‌కి తీసుకెళ్లకుండా చూసుకోండి.

ఇక మీ పాత పెట్టె సంగతి. రౌండ్లన్నీ ఒక తువ్వాలు మీద పరిచి వెలుతురులో ఒక్కొక్కటీ తిప్పి చూడండి. ఇత్తడి రంగు కాస్త మసకబారితే పర్లేదు. పచ్చ చిలుము గోరుతో గీకితే గుంట కనిపించినా, గుండు చేతికి కదిలినా, పక్కవాటి కంటే లోపలికి దిగి ఉన్నా, ప్రైమర్ చుట్టూ తుప్పు ఉన్నా పక్కన పెట్టేయండి. మిగతావి రేంజ్‌లో కాల్చండి, ఎండలో ఉన్న కారులోంచి తీసి వెంటనే కాకుండా కాసేపు లోపల చల్లబడనిచ్చి. క్లిక్‌మని ఆగిపోతే గన్‌ని టార్గెట్ వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలేవి అరుదే అయినా ఉంటాయి. "ఠాప్" బదులు "టుప్" అని నీరసంగా వినిపించినా, చేతికి దెబ్బ తెలియకపోయినా అక్కడితో ఆపేయండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. సేఫ్టీ ఆఫీసర్ని పిలవండి, మేం ఉన్నదే అందుకు.

పక్కన పెట్టినవాటిని చెత్తబుట్టలో వేయొద్దు, చెత్త లారీలో నలుగుతాయి. చాలా రేంజ్‌లలో పేలని రౌండ్లకి ఒక డబ్బా ఉంటుంది, కౌంటర్‌లో అడిగితే చూపిస్తారు. లేకపోతే మీ ఊరి పోలీసు నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి ఎక్కడ ఇవ్వాలో అడగండి. రౌండ్లు పట్టుకుని నేరుగా స్టేషన్ లోపలికి నడవకండి.